కిటికీ అడిగిన చోట

నవంబర్ 29, శుక్రవారం

నరేందర్‌ను హైదరాబాద్ దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాం. మెట్లు ఎక్కలేడు కాబట్టి మంచం కింద హాల్లో వేయించాను. హాల్లో మంచం పట్టే చోటు ఒక్కటే, ఆ ఇనప పెట్టె ఎదురుగా. ఇంకో చోటు ఉంటే అక్కడే వేయించేదాన్ని.

కుడి చెయ్యి, కుడి కాలు పనిచేయడం లేదు. మాటల్లో ఒక్కటే మిగిలింది. 'కాదు.' నీళ్లు కావాలా అంటే కాదు. వద్దా అంటే కాదు. మాటలన్నీ లోపల ఉంటాయట, బయటికి వచ్చేసరికి ఇదొక్కటే వస్తుందట. మెల్లగా మిగతావీ రావచ్చు అన్నాడు డాక్టర్. వస్తాయి అనలేదు. ఉద్యోగమంతా ఎమ్మార్వో ఆఫీసు ఫైళ్లలో గడిపిన దాన్ని, ఆ రెండు మాటల తేడా నాకు తెలుసు.

ఆయన పేరు నోటితో అననుగానీ, ఇక్కడ రాయడానికి ఏం.

డిసెంబర్ 1

కావ్య పరీక్షలున్నాయని వరంగల్ వెళ్లిపోయింది. హాస్టల్‌కు చేరగానే ఫోన్ చేసి నాన్న ఏమన్నాడని అడిగింది. కాదన్నాడని చెప్పాను. దేనికి అంది. అన్నిటికీ అన్నాను.

డిసెంబర్ 3

పగటిపూట ఆయనను చూసుకోవడానికి మోతె దగ్గరి తండా నుంచి కమ్లి అనే ఆమెను కుదుర్చుకున్నాను. బలమైన మనిషి. ఆయన చంకల కింద చేతులు వేసి ఒక్క ఊపున లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన చాలాసార్లు కాదన్నాడు. ఆమె పట్టించుకోలేదు.

మధ్యాహ్నం పెట్టె వైపు చూసి "ఇదేంది మేడం, బీరువానా?" అని అడిగింది.

పొయ్యి అని చెప్పాను.

"హాల్లనా?"

హాల్లోనే అన్నాను. ఇంకేమీ అడగలేదు. మర్యాదస్తురాలు.

ఆయనకు సూర్యాపేటలో టైల్స్ షాపు. డీలర్లందరినీ కంపెనీ వాళ్లు మనాలి తీసుకెళ్లారు. అక్కడి హోటల్లో చలి కాచుకోవడానికి గోడలో బిగించిన ఇలాంటి పొయ్యిని చూసి వచ్చాడు. అద్దం తలుపు, లోపల ఇటుకలు, కింద గాలి వదలడానికి ఒక మీట. అప్పుడే ఇల్లు కడుతున్నాం. నేను ఈ ఇంట్లో అడిగింది ఒక్కటే. హాల్లో పడమటి గోడకు ఒక కిటికీ. గోడ లేచేసరికి కిటికీ చోట పెట్టె ఉంది. సూర్యాపేటలో చలికాలం అంటే ఫ్యాను ఒక నంబరు తగ్గించుకోవడం. గృహప్రవేశం అయినప్పటినుంచీ దాన్ని ఒక్కసారి కూడా వెలిగించలేదు. లోపల పాత క్యాలెండర్లు పెట్టుకున్నాం.

మేం మాట్లాడుకోవడం మానేసింది ఈ పెట్టె వల్లేనని మా ఆడపడుచు అందరికీ చెప్తుంది. పెట్టె వల్ల కాదు.

డిసెంబర్ 7

మిర్యాలగూడ నుంచి సీతమ్మ ఫోన్ చేసింది. కిరాయికి మాట్లాడుకున్న గదిలోకి ఎప్పుడు దిగుతారు, లేకపోతే వేరేవాళ్లకు ఇవ్వనా అని. చెప్తానన్నాను.

డిసెంబర్ 10

చలి పెరిగింది. ఫ్యాను ఆపేశాం.

ఫిజియోథెరపీ చేయించే సునీల్ రోజూ పొద్దున వస్తాడు. చలికి వేళ్లు ఇంకా బిగుసుకుంటున్నాయని, గది వెచ్చగా ఉంచమని చెప్పాడు. కరెంటు హీటరు తెప్పించాను. పెట్టిన పూటే ఫ్యూజు పోయింది. బాగు చేయించాను. మళ్లీ పోయింది.

ఆయన ఎడమ చెయ్యి ఎత్తి గోడ వైపు చూపించాడు. ఆ గోడకు పెట్టె ఉంది, పైన గడియారం కూడా ఉంది. పదకొండయింది అని చెప్పాను. కాదు అన్నాడు. చూస్తే పదకొండుకు ఇంకా రెండు నిమిషాలు తక్కువ ఉంది.

డిసెంబర్ 12

పెట్టె వెలిగించాను. ఇది పనిచేయదని ఆయనకు కళ్లారా చూపిస్తే ఆ చెయ్యి చూపించడం మానేస్తాడని. అంతే.

క్యాలెండర్లు తీసేసి, వాటినే చింపి అడుగున వేసి, పైన పుల్లలు, ఆ పైన రెండు కట్టెలు పెట్టి అగ్గిపుల్ల గీశాను. మా అమ్మ పొయ్యి వెలిగించినట్టే. పొగ అంతా ఇంట్లోకి వచ్చింది. కమ్లి ఆయనను కుర్చీతో సహా వరండాలోకి లాగింది. ఎదురింటివాళ్లు బకెట్లతో నీళ్లు తెచ్చారు. ఏం కాలేదని, కేవలం పొయ్యి వెలిగించామని చెప్పాను. హాల్లోనా అని అడిగారు.

కళ్లు తుడుచుకుంటూ వరండాలోకి వెళ్తే ఆయన నవ్వుతున్నాడు. మొహంలో ఒక సగమే నవ్వుతోంది. దవాఖానకు పోయినప్పటినుంచి ఇదే మొదటిసారి.

పనిచేయదని రుజువయింది. ఇక వెలిగించను.

డిసెంబర్ 13

పెట్టె కంపెనీకి ఫోన్ చేశాను. ఎందుకు పనిచేయలేదో కారణం తెలిస్తే మంచిదే కదా. జీవన్ అనే అతను ఎత్తాడు, హైదరాబాద్‌లో ఉంటాడట. తెలంగాణలో తాము అమ్మినవాటిలో ఒక్కదాన్నైనా ఎవరో వెలిగించారని విని సంతోషించాడు.

ఒక కాగితం వెలిగించి పొయ్యి లోపల పైకి పట్టుకోమన్నాడు. పొగ పైకి పోతోందా, నా వైపు వస్తోందా అని అడిగాడు. నా వైపే అన్నాను. అయితే పొగగొట్టం మూసుకుపోయిందన్నాడు. మేస్త్రీని పైకి ఎక్కించాను. పావురాలు దూరకుండా ఇల్లు కట్టినప్పుడు కుక్కిన సిమెంటు సంచీ బయటికి వచ్చింది. కుక్కింది ఆ మేస్త్రీయే. ఎవడు పెట్టిండో గానీ మంచిగ పెట్టిండు అన్నాడు.

డిసెంబర్ 15

పొగ పైకి పోతోంది. కట్టె మండటం లేదు.

వెనక వీధిలో కొట్టేసిన వేపకొమ్మలు తెచ్చాను. మంట పెడితే కొసల్లోంచి నురుగు వచ్చింది, బుస్సుమని శబ్దం. అద్దం నల్లగా అయిపోయింది. ఆయన ఆ నల్లటి అద్దాన్ని టీవీ చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు.

పచ్చి కట్టె పెడితే మీరు చలి కాచుకుంటున్నట్టు కాదు, కట్టెలోని నీళ్లు కాస్తున్నట్టు అన్నాడు జీవన్. ఎండి ఏడాది దాటిన కట్టె కావాలట. రెండు ముక్కలు ఒకదానికొకటి కొడితే ఖంగుమనాలట.

డిసెంబర్ 18

టింబర్ డిపోకు వెళ్లి ఎండిన తుమ్మ కట్టెలు కావాలన్నాను. ఎంత మందికి వంట అని అడిగాడు. ఇద్దరికి అన్నాను. ఒక్కొక్క కట్టె తీసి కొట్టి వింటుంటే డిపోవాళ్లు పని ఆపి చూశారు. ఖంగుమన్నవే తెచ్చాను. సన్నగా చీల్పించాను కూడా.

ఇంటికొచ్చి మామూలుగానే పుల్లలు అడుగున పేర్చబోతే ఆయన కాదన్నాడు. పట్టించుకోలేదు. మళ్లీ కాదన్నాడు, ఈసారి కుర్చీ చెయ్యి మీద కొట్టాడు. పుల్లలు తీసి పట్టుకుని ఎక్కడ పెట్టాలన్నట్టు చూశాను. ఎడమ చేత్తో పైకి చూపించాడు. అంటే పెద్ద కట్టెలు అడుగున, వాటి మీద చిన్నవి, అన్నిటికన్నా పైన పుల్లలు. నిప్పు పైన పెట్టాలి. నెత్తి మీద దీపం పెట్టుకున్నట్టు.

జీవన్‌కు ఫోన్ చేసి అడిగితే అదే సరైన పద్ధతి అన్నాడు. మంట పైనుంచి మెల్లగా కిందికి దిగుతుంది, గొట్టం ముందే వేడెక్కుతుంది, పొగ లాగేస్తుంది. ఎవరు చెప్పారు మేడం అన్నాడు. మావారు అన్నాను. అలా అన్నందుకు నాకే కొత్తగా అనిపించింది.

పేర్చాను. గాలి మీట పూర్తిగా తెరిచాను. తలుపు కొద్దిగా ఓరగా ఉంచి వెలిగించాను. అంటుకుంది. పొగ లేదు. కాసేపటికి మంట కట్టెలన్నిటినీ పట్టుకుంది. కమ్లి చీపురు పట్టుకుని నిలబడి చూసి, మంచిగున్నది అంది.

మంచిగానే ఉంది.

డిసెంబర్ 21

అద్దం తుడవడానికి ఏదో ద్రావకం కొనమన్నాడు జీవన్. తడి కాగితం మీద బూడిద అద్దుకుని రుద్దితే పోయింది. చిన్నప్పుడు గిన్నెలన్నీ అట్లాగే తోమాను.

'కాదు'లు అన్నీ ఒకటి కావు. కట్టె ఎక్కువ పెట్టినప్పటి కాదు పొట్టిగా ఉంటుంది. మీట తొందరపడి మూసినప్పుడు రెండుసార్లు వస్తుంది. ఫిజియోథెరపీ అప్పటిది సాగుతుంది. మంట కుదురుకున్నాక బాగుందా అని అడిగితే వచ్చేది కూడా కాదే, కానీ చివర్లో కిందికి దిగుతుంది. కావ్యకు ఫోన్లో ఇది చెప్తే, అమ్మా నువ్వు పడుకుంటున్నావా సరిగ్గా అని అడిగింది.

డిసెంబర్ 24

సీతమ్మ మళ్లీ ఫోన్. చెప్తానన్నాను.

డిసెంబర్ 28

ఈ రోజు రాయను.

డిసెంబర్ 29

నిన్నటిది రాయాలి. ఎడమ కనుబొమ్మ సగం లేదు. జుట్టు ముందుభాగం కాలిన వాసన ఇంకా వస్తోంది.

భోజనాల తర్వాత పెట్టె నిండా కట్టెలు వేసి, సాయంత్రం దాకా ఆగుతుందని గాలి మీట పూర్తిగా మూసేశాను. రెండు కాదులు వినిపించాయి. ప్రతిసారీ ఆయన చెప్పినట్టే చేయాలా అనిపించింది. కట్టెలు నాచేత తెప్పించి, పొయ్యి నాచేత ఊదించి, కుర్చీలో కూర్చుని తప్పులు పట్టడం. ఈ ఇల్లు కట్టినప్పుడూ అంతే. వంటింట్లోకి వెళ్లిపోయాను.

తిరిగి వచ్చేసరికి మంట లేదు. అద్దం లోపల పసుపుపచ్చగా పొగ సుడులు తిరుగుతోంది. ఆరిపోయిందనుకుని చూడటానికి తలుపు పిడి పట్టుకున్నాను. ఆయన కాదన్నాడు. ఆ కాదు ఇదివరకు ఎప్పుడూ వినలేదు. అయినా లాగాను.

లోపలంతా ఒక్కసారి భగ్గుమంది. మంట నాలుకలాగా బయటికి వచ్చింది. అదే క్షణంలో ఎవరో నన్ను వెనక్కి గుంజారు. ఆయన. ఎడమ చేత్తో నా కొంగు పట్టుకుని గుంజాడు. ఆ ఊపుకు కుర్చీలోంచి ఆయన కింద పడ్డాడు, ఆయన మీద నేను పడ్డాను.

నేను కాలితో తలుపు నెట్టాను. మూసుకుంది. లోపల మంట మామూలుగా మండుతోంది, చూడటానికి చాలా బాగుంది.

కమ్లి పెరట్లో బట్టలు ఆరేస్తోంది. పిలవాలని తెలుసు, పిలవలేదు. ఆయనకు దెబ్బ తగిలిందా అని భుజం, మోచెయ్యి, తల తడిమి చూశాను. ఆయన నా కనుబొమ్మ మీద వేలు పెట్టి చూశాడు. కింద బండల మీద గోడకు ఆనుకుని పక్కపక్కన కూర్చున్నాం. కొంగు ఇంకా ఆయన పిడికిట్లోనే ఉంది. అంత దగ్గరగా కూర్చుని ఎంతకాలమయిందో గుర్తు లేదు.

"కిటికీ ఒక్కటే గదా అడిగిన" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

కాదు అనలేదు. మంట వైపు చూస్తూ ఉండిపోయాడు.

కమ్లి వచ్చి ఇద్దరినీ లేపింది. ముందు ఆయనను, తర్వాత నన్ను.

గాలి లేకుండా మగ్గిన కట్టె నుంచి వచ్చే పొగ కూడా మండేదేనట. ఒక్కసారి తలుపు తీస్తే గాలి దొరికి పేలినట్టు అంటుకుంటుందట. ముందు మీట తెరిచి, ఆగి, తలుపు మెల్లగా తీయాలట. జీవన్ ఇదంతా చెప్పి, మొదటిరోజే చెప్పాల్సింది మేడం అని బాధపడ్డాడు. ఒకరు చెప్పారు, నేనే వినలేదు అన్నాను.

జనవరి 4

మీట ఇప్పుడు కొంచెం కొంచెం తగ్గిస్తున్నాను. మంట బద్ధకంగా మారితే మళ్లీ కాస్త తెరుస్తాను. కట్టెలు రెండో మూడో పెడతాను. లోపలి ఇటుకలు తెల్లబడ్డాయి. అలా ఉంటే సరిగ్గా మండుతున్నట్టు లెక్క.

సునీల్ వేళ్లు తెరిపిస్తుంటే చూపుడు వేలు కొద్దిగా దానంతటదే కదిలింది. పండగ చేసుకున్నట్టు నవ్వాడు సునీల్. ఆయన ఆ వేలును ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

జనవరి 9

నా సెలవు అయిపోవస్తోంది. మిర్యాలగూడలో జాయిన్ కావాలి.

గరిడేపల్లి ఆఫీసు నుంచి ఆ ట్రాన్స్‌ఫర్ నేను అడిగి తెచ్చుకున్నదే. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఆర్డరు రాకముందే సెప్టెంబర్‌లో అక్కడ సీతమ్మ ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకున్నాను, అది చెప్పలేదు. రోజూ బస్సులో తిరిగితే నడుము పోతుందని తీసుకున్నాను. అందరికీ అదే చెప్పాలనుకున్నాను. శని, ఆదివారాలు కూడా అక్కడే ఉండాలనుకున్నానని ఎవరికీ చెప్పాలనుకోలేదు. నవంబర్‌లో సామాను తీసుకెళ్దామని సూట్‌కేసు దించాను. ఆ వారమే ఆయన షాపులో పడిపోయాడు.

కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. ఆయన రాత్రి షాపు మూసి వచ్చేవాడు, నేను అన్నం పెట్టేదాన్ని. ఉప్పు సరిపోయిందా అని కూడా అడగడం మానేశాను. ఆయన చెప్పడం మానేశాడు. ఏది ముందో తెలియదు.

ఈ రోజు మంట కుదురుకున్నాక చెప్పాను. "మిర్యాలగూడల ఒక గది తీసుకున్న. నువ్వు పడిపోకముందు. ఆడనే ఉందామనుకున్న."

ఆశ్చర్యపోలేదు. అర్థం కాలేదేమో. కొన్ని మాటలు అర్థం కాకపోవచ్చని కూడా డాక్టర్ అన్నాడు.

"పోవాల్నా?" అన్నాను.

"కాదు."

"పోవద్దా?"

"కాదు."

ఈ రెండు కాదులూ ఏ రకమో నాకు తెలియలేదు. ఇన్ని రోజులుగా నేర్చుకున్నది పొయ్యి వరకే పనికొస్తున్నట్టుంది.

జనవరి 20, సోమవారం

మిర్యాలగూడలో జాయిన్ అయ్యాను. నేను వచ్చేదాకా ఉంటానని కమ్లి ఒప్పుకుంది. పొయ్యి పద్ధతంతా ఆమెకు చూపించాను. అయ్య చెప్తడు లెండి అంది.

బస్సులో వెళ్లి బస్సులో వచ్చాను. నడుము పోలేదు.

జనవరి 22

నడుము కొంచెం నొప్పి. పోలేదు.

జనవరి 24, శుక్రవారం

ఈ రోజు మధ్యాహ్నం సీతమ్మ ఇంటికి వెళ్లాను. గది ఒకసారి చూసి, ఏదో ఒకటి చెప్పేద్దామని. సెప్టెంబర్‌లో చూసిందే, మళ్లీ అడుగుపెట్టలేదు.

గది అలాగే ఉంది. పడమటి వైపు కిటికీ ఉంది, ఎండ పడుతోంది. దాన్ని చూసే తీసుకున్నాను. బాత్రూం తలుపు తీస్తే కొత్తగా ఉంది. అప్పుడు పాతకాలం ఆకుపచ్చ బండలుండేవి, నున్నగా, నాచు పట్టి. ఇప్పుడు బూడిదరంగు టైల్స్, కాలు పెడితే గరగరమంటున్నాయి. గోడకు పట్టుకునే స్టీలు కడ్డీ కూడా ఉంది.

మంచిగా చేయించారే అన్నాను సీతమ్మతో.

"నేనేడ చేపిచ్చిన బిడ్డా" అంది. "మీ సారే చేపిచ్చిండు. దసరా అయినంక మేస్త్రీని ఎంటేసుకొని వచ్చిండు."

ఆమె చెప్పుకుంటూ పోయింది. ఆమె అల్లుడు కట్టుబడి పనులు చేయిస్తాడు, టైల్స్ మా షాపులోనే తెస్తాడు. వాళ్ల గదిలోకి ఎవరు వస్తున్నారో మాటల్లో ఆ అల్లుడే ఈయనకు చెప్పాడట. ఈయన వచ్చి గది అంతా తిరిగి చూశాడట. కిటికీ తెరిచి కాసేపు అక్కడ నిలబడ్డాడట. ఆ తర్వాత రోజంతా కూర్చుని బాత్రూం పని చేయించాడట.

"నీకు చెప్పొద్దన్నడు. గిప్పుడు నువ్వు అడిగినవ్ గాబట్టి చెప్తున్న."

"ఇంకేమన్న అన్నడా?"

"అన్నడు. ఆమె తడి కాళ్లతోటి గబగబ నడుస్తది, జర సూస్తుండు అమ్మా, అన్నడు."

కిటికీ దగ్గర నేనూ కాసేపు నిలబడ్డాను. తర్వాత గది వేరేవాళ్లకు ఇచ్చుకోమని సీతమ్మకు చెప్పాను. ఆఫీసుకు వెళ్లాను. రెండు ఫైళ్లు చూశాను. రెండూ మళ్లీ చూడాలి.

సాయంత్రం బస్సు ఆలస్యం. ఇంటికి వచ్చేసరికి ఆయన పొయ్యి ముందు కుర్చీలో ఉన్నాడు. పక్కన కూర్చుని చెప్పులు విప్పుకున్నాను.

"గది వద్దని చెప్పొచ్చిన" అన్నాను.

నా వైపు తిరిగాడు.

"బాత్రూం సూసిన."

వెంటనే మంట వైపు తిరిగాడు. చెవులు ఎర్రబడ్డాయి. వేడికి కూడా అయ్యుండొచ్చు.

"మంచిగేసినవ్. అస్సలు జారుత లెవ్వు" అన్నాను. "గని ఏం లాభం. ఊడపీక్కొని తెచ్చుకోలేం గదా."

ముందు ఆయన భుజం కదిలింది, తర్వాత నవ్వు బయటికి వచ్చింది. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. నీళ్లు ఇచ్చాను, తాగాడు. వంటింట్లోంచి కమ్లి ఏమయిందని అడిగింది. ఏం లేదు, టైల్స్ గురించి మాట్లాడుకుంటున్నాం అని చెప్పాను.